గోటి సందున పసుపు

తాళి రవిక లోపలికి పోయిందో లేదో విశాలాక్షి తడిమి చూసుకుంది. పులివెందుల దాటినప్పటి నుంచి ఇది నాలుగోసారి. ఉంది. లోపలే ఉంది. పసుపుతాడు మెడకు ఒరుసుకుంటోంది, పుస్తెలు రెండూ చెమటలో ఒంటికి అతుక్కుని ఉన్నాయి. కవరింగువి. కడపలో ఒక ఫ్యాన్సీ కొట్లో కొన్నవి. ఆరు నెలలు చెమట తగిలితే నల్లబడతాయని ఆ కొట్టువాడే చెప్పాడు. నల్లబడితే మళ్లీ కొనుక్కోవాలి. మొగుణ్ణి వదులుకున్న ఆడది ఆరు నెలలకొకసారి తాళి కొనుక్కుంటూ ఉండాలి. ఇరవై నాలుగేళ్లు ప్రొద్దుటూరులో బంగారు కొట్టు యజమాని భార్యగా బతికిన మనిషి. ఎదుటి ఆడదాని మెడలో గొలుసు ఊగే తీరు చూసి అది బంగారమో పూతో పది అడుగుల దూరం నుంచే చెప్పగలిగిన మనిషి. బంగారం బరువుగా వేలాడుతుంది, ఒళ్లు కదిలాక కాస్త ఆగి కదులుతుంది. పూత తేలిక, ఒంటి కంటే ముందే ఊగుతుంది. ఈ సంగతి కళ్లతో పట్టగలిగిన ఆడవాళ్లు ప్రొద్దుటూరులో ఇంటికొకరు ఉంటారు, పులివెందులలో తక్కువ. అందుకే ఆమె పులివెందులలో ఉంటోంది. ఇప్పుడు వ్యాను ఆ ఊరికి దూరమవుతోంది. రోడ్డుకు రెండువైపులా చీనీపండ్ల తోటలు, అరటి తోటలు వెనక్కి పోతున్నాయి. ఒక్కో తోట పోయేకొద్దీ తన మీది నుంచి ఒక్కో దుప్పటి తీసేస్తున్నట్టు ఉంది.

పొద్దున కొట్టు తెరుస్తూనే రామాంజనేయులు పిలిచి చెప్పాడు. ఆ బట్టల కొట్టు ఆయనది, కొట్టు పైన ఆమె ఉండే గది కూడా ఆయనదే. పెళ్లికూతురు వాళ్లు పులివెందుల వాళ్లు, ఆయనకు కావలసినవాళ్లు. పెళ్లికొడుకుది జమ్మలమడుగు, నాపరాళ్ల ఫ్యాక్టరీ ఉన్న శెట్లు. ఆ ఇంట్లో ముసలామె సుగుణమ్మ తుంటి విరిగి మంచంలో ఉంది. తలంబ్రాల చీర తాను కళ్లారా చూసి ఎంచితే తప్ప వీల్లేదని కూర్చుందట. కాబట్టి చీరలే ఇంటికి పోవాలి. "నువ్వే పోవాల విశాలమ్మా. ముసలామెకు పట్టింపులు జాస్తి. తలంబ్రాల చీర మడత ఇప్పేది ముత్తైదువే ఉండాలంట. ఇప్పినామె చేతనే నాలుగు మూలలా పసుపు పెట్టిస్తాదంట. నీ జత పనిచేసే మాబున్ని సాయిబులామె, ఆమెతో ఆ పని గాదు. నువ్వైతే నిండుగా ఉంటావు, పెద్దింటి మాట మాట్లాడతావు. కువైట్‌లో మీ ఆయన చల్లగుండాడు, నీకేం తక్కువ?" ఆమె తల ఊపింది. తల ఊపక ఏం చేయాలి? తలనొప్పి అనొచ్చు. ముట్టు అనొచ్చు. ముట్టు అంటే నలభై ఆరేళ్ల ఆడదాన్ని ఎవరూ తరచి అడగరు, ఆ ఒక్క మాట నోట్లోకి వచ్చి ఉంటే ఈ పాటికి కొట్లో గద్దె మీద కూర్చుని చీరలు మడత పెడుతూ ఉండేది. రాలేదు. పెద్దింటి మాట అన్నాడు చూడు, అక్కడ పడిపోయింది. రెండేళ్లయింది ఎవరైనా ఆమెను ఆ మాట అని.

"అమ్మా, కువైట్‌లో మీ ఆయన యాడుండేది?" డ్రైవరు అన్సర్ అద్దంలో చూస్తూ అడిగాడు. యాభై దాటిన మనిషి. పన్నెండేళ్లు కువైట్‌లో బండి నడిపి, షుగరు తెచ్చుకుని తిరిగొచ్చాడు. ఈ వ్యాను ఎక్కినప్పుడల్లా ఆమెకు ఇదే భయం.

"సాల్మియా," అంది.

"సాల్మియాలో యాడ? నేను పక్కనే హవల్లీలో ఉంటి. శుక్రవారమైతే మన జిల్లా వోళ్లంతా ఒకతావు చేరేది. పేరు చెప్పు, నాకు తెలిసుండొచ్చు."

"ఆయన ఎవురితోనూ కలవడులే, అన్సరన్నా."

"కువైట్‌లో ఎవురితో కలవకుండా ఎట్ల బతుకుతాడమ్మా? పిచ్చెక్కిపోతాది." గేరు మార్చాడు. "మా బామ్మర్ది వచ్చే ఆదివారం పోతాండాడు. ఊరగాయో, కారప్పొడో, పంపాలంటే కట్టియ్యి. రూము కాడికే పోయి ఇచ్చొస్తాడు."

పక్కన కూర్చున్న మాబున్ని మోచేత్తో పొడిచింది. కొట్లో ఇద్దరూ ఒకే గద్దె మీద పనిచేస్తారు. "పంపక్కా. నీ గోంగూర ఊరగాయ నోట్లో పడిందంటే ఆ మనిషి అరబ్బోని బండి ఆన్నే ఇడిసిపెట్టి ఉరికొస్తాడు."

"వస్తే మల్ల ఈయమ్మకే కష్టం," అన్సర్ నవ్వాడు. "నేనొచ్చినాక మా ఇంట్లో ఆమె అంటాండాది, నువ్వు ఆడుంటేనే బాగుంటివి గదయ్యా అని."

విశాలాక్షి కూడా నవ్వింది. ఆ నవ్వు బాగా నేర్చుకుంది. కడప జిల్లాలో ఒంటరి ఆడదానికి గౌరవమైన కారణం ఒకటే దొరుకుతుంది, మొగుడు కువైట్‌లో ఉండటం. ఎన్నాళ్లయినా ఉండొచ్చు, ఫోన్ చేయకపోవచ్చు, పండక్కి రాకపోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఆ అబద్ధం ఆమెకు ఒక గదిని, ఒక పనిని, వీధి కొళాయి దగ్గర ఒక వరుసను ఇచ్చింది. ఇప్పుడు ఆ అబద్ధానికి ఊరగాయ కట్టాలి. లేని మొగుడికి జాడీలో గోంగూర పెట్టి, మూతికి గుడ్డ చుట్టి, పేరు రాసి ఇవ్వాలి. ఏ పేరు రాయాలి? ఆ బామ్మర్ది సాల్మియాలో వీధి వీధి తిరిగి, లేడని చెప్పి, జాడీని మళ్లీ విమానంలో తెచ్చి తన చేతిలో పెడతాడు. రామాంజనేయులు చూస్తూ ఉంటాడు. ఎవరికి కట్టావమ్మా ఇది?

రాఘవేంద్రప్రసాద్. రాయాలంటే ఆ పేరే రాయాలి. ఆయన కువైట్‌లో లేడు, ఇక్కడికి గంటన్నర దూరంలో ప్రొద్దుటూరులో తన కొట్లో కూర్చుని ఉన్నాడు. ఈ వేళకు కాఫీ తాగుతూ ఉంటాడు. ఎర్రగుంట్లలో ఆయనకు ఇంకో ఇల్లుందని, ఆ ఇంట్లో ఐదేళ్ల పిల్ల ఉందని ఊరంతటికీ తెలిసిన చాలా కాలానికి విశాలాక్షికి తెలిసింది. పెద్దమనుషులు వచ్చారు. ఉండనీలేమ్మా, నీ తావు నీదే గదా అన్నారు. ఆ మాట ఆమెకు కంపరం పుట్టించింది. తాళి తీసి వాళ్ల ముందు బల్ల మీద పడేసింది. నా తావు నేను చూసుకుంటానంది. అది కొట్టు బంగారం కాబట్టి కొట్టువాళ్లే తీసుకుని లోపల పెట్టుకున్నారు. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందంటే, అడుగు పెడితే లేచి నిలబడే ఆడవాళ్ల నుంచి వచ్చింది. చీరల కొట్లో తాను కూర్చోకముందే బాదంపాలు తెచ్చే పనివాళ్ల నుంచి, దసరాకు అమ్మవారిశాల గుడిలో మొదటి వరుసలో తనకోసం ఖాళీగా ఉండే కుర్చీ నుంచి వచ్చింది. అవన్నీ తనకే జరుగుతున్నాయనుకుంది. కోర్టులో సంతకాలయ్యాక వచ్చిన మొదటి దసరాకు పోయింది, కంచిపట్టు కట్టుకుని, తల ఎత్తుకుని. ఆ కుర్చీ మీద ఒక చంటిపిల్ల పాలసీసా సంచి పెట్టి ఉంది. ఎవరో వస్తారులే అక్కా అన్నారు. రాత్రి తొమ్మిదింటి దాకా ఎవరూ రాలేదు, సంచి అలాగే ఉంది, ఆమె స్తంభం పక్కన నిలబడి హారతి తీసుకుంది. ఆ వీధిలోనే బాడుగకు ఉన్న మూడు నెలలూ కుంకుమ భరిణె పట్టుకుని పేరంటానికి బొట్టు పెట్టి పిలిచేవాళ్లు పక్కింటికి వచ్చేవాళ్లు, ఎదురింటికి వచ్చేవాళ్లు. తన గుమ్మం ముందు గజ్జెల పట్టీల చప్పుడు కాస్త వేగం అందుకునేది. తలుపు వెనక నిలబడి వినేది ఆ చప్పుడును. కమలాపురంలో తమ్ముడింట్లో ఉన్నప్పుడు, వ్రతం పెట్టుకున్న రోజే మరదలు తనను కడప ఆసుపత్రికి చూపించుకు రమ్మని పంపింది. చూపించుకోవడానికి ఏ జబ్బూ లేదు. ఆసుపత్రి వరండాలో సాయంత్రం దాకా కూర్చుని తిరిగొచ్చింది. ఒక్కసారి కొట్టుకు పోయింది కొడుకును చూద్దామని. వాడు గల్లా దగ్గర నుంచి లేచి వచ్చి, మెట్ల మీదే ఆపి, గొంతు తగ్గించి అన్నాడు. "అమ్మా, నువ్వు కొట్టు దిక్కు రావాకు. కస్టమర్లుంటారు." ఇరవై రెండేళ్లవాడు. ఆ మెట్లకు నాపరాళ్లు ఎంచింది తనే.

తొండూరు దాటింది. ఎండ ముదురుతోంది. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ గొట్టాలు ఆకాశంలోకి పొగ పోస్తున్నాయి, అంటే ముద్దనూరు దగ్గర పడింది. అన్సర్ బండి ఆపి టీ తాగొస్తానని దిగాడు. మాబున్ని చీరల మూటల మీద చెయ్యి వేసి సర్దుతూ ఊరికే అన్నట్టు అంది.

"పెండ్లికొడుకు తల్లి లేదంటక్కా. వాడు పిలగాడిగా ఉండంగనే చచ్చిపోయిందంట. నాయన రెండో పెండ్లి చేసుకున్నాడు. ఇప్పుడు ఇంట్లో పెత్తనమంతా ఆయమ్మదేనంట."

"ఎవురు చెప్పినారు?"

"ఓనరే చెప్పె. ముసలామె ఎంచుతాది గానీ సరే అనేది మాత్రం కోడలేనంట. జాగర్తగా మాట్లాడండి, ఆయమ్మ ప్రొద్దుటూరామె, బట్ట చూసి నూలు చెప్తాదన్నాడు."

ప్రొద్దుటూరామె. మాబున్ని ఇంకేదో చెబుతోంది, కోడళ్ల గురించి, అత్తల గురించి, తన అత్త షాహీదాబీకి పట్టింపుల్లో సుగుణమ్మ చాలదని చెబుతోంది, విశాలాక్షి చెవుల్లోకి ఏదీ పోవడం లేదు. దిగిపోవాలి. ఇక్కడే దిగిపోవాలి. ముద్దనూరులో రైలు స్టేషను ఉంది, ఏ రైలొస్తే ఆ రైలు ఎక్కొచ్చు. ఎక్కి ఎక్కడికి? పులివెందుల గదిలో ఒక పెట్టె, ఒక స్టవ్వు, రెండు బిందెలు ఉన్నాయి. వాటికోసమైనా తిరిగి పోవాలి, పోతే రామాంజనేయులు కింద కొట్లో ఉంటాడు. నడి దారిలో ఎందుకు దిగిపోయావమ్మా అంటాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే బాగుండేది. ముత్తైదువ అని నమ్మి, పెళ్లి చీరలు ఆమె చేత విప్పిస్తున్నాడు. ఈ సంగతి బయటపడితే పులివెందులలో ఆయన కొట్టుకు ఏ పెళ్లివాళ్లూ రారు. ఇంతకుముందు ఆమె విప్పిన చీరలన్నీ లెక్కకు వస్తాయి, ఎవరికి గర్భం నిలవకపోయినా ఎవరి మొగుడికి యాక్సిడెంట్ అయినా ఆ చీర ఎవరు విప్పారని అడుగుతారు. పని, గది రెండూ ఒకే పూట పోతాయి. అది సగం భయం. రెండో సగం ఇంకా లోపల ఉంది. ఆ ఆచారాన్ని ఆమె కూడా నమ్ముతుంది. తాను పసుపు పెట్టిన చీర కట్టుకున్న పిల్లకు ఏమైనా అవుతుందేమోనని ప్రతిసారీ చేతులు చల్లబడతాయి. నమ్మకపోతే నటించడం తేలిక. నమ్ముతూ నటిస్తోంది.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు రెండో పెళ్లికి పోయింది ఎవరు? బండి కదిలింది. ఆమె ఒక్కో ముఖాన్నీ తెచ్చి చూసుకోవడం మొదలుపెట్టింది. నూనె మిల్లు వాళ్ల మూడో పిల్ల, వయసు మీరిపోయి కూర్చుంది, కావచ్చు. ఆ పిల్లకు చూపు తక్కువ, గుర్తు పట్టదు. ఎరువుల కొట్టాయన చెల్లెలు. ఆమె పెళ్లే వద్దనుకుంది కదా. పేదింటి పిల్లను ఎవరినైనా తెచ్చుకుని ఉంటారు, పేదింటి పిల్ల తన ఇంటి పేరంటాలకు వచ్చి ఉండదు, వచ్చినా వెనక కూర్చుని ఉంటుంది, ముఖం ఎదురుగా చూసి ఉండదు. ముఖాల వరుసలో ఒకటి అడగకుండానే వచ్చి నిలబడింది. సుకన్య. కాదు. సుకన్య కాదు. సుకన్యను ఎవరు చేసుకుంటారు?

రాఘవేంద్రప్రసాద్ చిన్నాన్న కూతురు సుకన్య. మొగుడు నంద్యాలలో వదిలేశాడు, కోర్టు విడాకులిచ్చింది, తిరిగొచ్చి పుట్టింట్లో ఉండేది. తొమ్మిదేళ్ల కిందట విశాలాక్షి మరిది పెళ్లి. ఇంటికి పెద్దకోడలు ఆమె, పెత్తనమంతా ఆమెదే. తలంబ్రాల చీర పీట మీద పెట్టి, చుట్టూ ఐదుగురు ముత్తైదువలు కూర్చోవాలి, తలా ఒక చోట పసుపు పెట్టాలి. నలుగురు కూర్చున్నారు. ఐదో ఆమెను పిలవడానికి లోపలికి పోయి వచ్చేసరికి ఐదో చోట సుకన్య కూర్చుని ఉంది. తలంటుకుని, ఆకుపచ్చ చీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని, ఏమీ జరగనట్టు. అందరూ చూస్తున్నారు, ఎవరూ ఏమీ అనడం లేదు. గిన్నెలో వేలు ముంచింది. పసుపు వేలు చీర వైపు పోతోంది. విశాలాక్షి వంగి ఆ మణికట్టును గాలిలోనే పట్టుకుంది. నవ్వుతూ. అదే ఆమె గొప్ప, ఎప్పుడూ గొంతు లేపేది కాదు. "నీకెందుకు సుకన్యా ఈ శ్రమ? పోయి వడ్డన కాడ చూడు పోమ్మా, ఆడ చేతులు తక్కువుండాయి." అంతటితో ఆగలేదు. నడుములో దోపుకున్న చేతిరుమాలు తీసి ఆ వేలి పసుపును తుడిచింది, పిల్లలకు మూతి తుడిచినట్టు, నెమ్మదిగా, గోటి సందులో కూడా. ఎవరో వెనక నుంచి అన్నారు, విశాలాక్షికి అన్నీ తెలుసమ్మా, ఏదీ తప్పనియ్యదు అని. ఆ మాటకు సంతోషపడింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ సంతోషమే బాగా గుర్తుంది, సుకన్య ముఖం గుర్తు లేదు, ఎందుకంటే అటు చూడలేదు. సుకన్య వడ్డన దగ్గరికి పోలేదు. భోజనం కూడా చేయలేదని తర్వాత ఎవరో చెప్పారు. ఆ తర్వాత ఊళ్లో కనిపించలేదు. బెంగళూరులో ఎవరింట్లోనో ఉందన్నారు. ఎక్కడుందని విశాలాక్షి అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు.

వ్యాను పెన్నా వంతెన మీదికి ఎక్కింది. కింద ఇసుక, ఇసుక మధ్య తెల్లటి తాడులా నీటి పాయ. ఈ వంతెన ఇంకా పొడుగ్గా ఉంటే బాగుండేది. అవతలి గట్టున జమ్మలమడుగు ఇళ్లు, దుమ్ము. "అమ్మా, ఏసీ లేదని ఉక్కగుండాదా? అద్దం దించుకో," అన్నాడు అన్సర్. అద్దం దించితే వేడి గాలి ముఖాన కొట్టింది. ఆమె ఐదోసారి తడుముకుంది. లోపలే ఉంది. వంగకూడదు. చీర విప్పేటప్పుడు వీపు నిటారుగా పెట్టుకుని చేతులు మాత్రమే చాచాలి. తల దించుకోవాలి. పొట్టి మాటలు మాట్లాడాలి. పెద్దింటి మాట మాట్లాడకూడదు.

ఇల్లు పెద్దది. నేలంతా నల్లటి నాపరాయి, నూనె రాసినట్టు మెరుస్తోంది, కాలు పెడితే చల్లగా ఉంది. సుగుణమ్మ మంచాన్ని హాలులోకి తెచ్చి వేశారు. దిండ్ల మీద ఆనుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, న్యాయమూర్తిలా ఉంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు. విశాలాక్షి అందరి పాదాలూ చూసింది, ముఖాలు చూడలేదు. తెల్ల దుప్పటి పరిచారు. మాబున్ని మూటలు విప్పింది. లోపలి గదిలో నుంచి ఎవరో వస్తున్నారు. ముందు పట్టీల చప్పుడు వచ్చింది. తర్వాత పాదాలు, మెట్టెలు, తర్వాత పసుపు గిన్నె పట్టుకున్న చెయ్యి. గిన్నెను దుప్పటి అంచున పెట్టింది ఆ చెయ్యి. తల ఎత్తకుండా ఉండాలనుకుంది. ఎత్తింది.

సుకన్య. కొంచెం లావైంది. చెవులకు వజ్రాల కమ్మలు. ముఖంలో ఏమీ లేదు. ఒక సేల్స్ ఆడమనిషిని చూసినట్టే చూసింది. "ఎండన పడొచ్చినారు, మజ్జిగ తాగుతారా?" అంది. ఇద్దరినీ కలిపి అడిగింది. గుర్తు పట్టలేదు. తొమ్మిదేళ్లయింది, తనకు ఒళ్లు తగ్గింది, జుట్టు నెరిసింది, నూలు చీర కట్టుకుంది, గుర్తు పట్టలేదు. విశాలాక్షి మజ్జిగ తాగింది. గ్లాసు పళ్లకు తగిలి చప్పుడైంది.

"ఏమ్మా," అంది ముసలామె. "నీ పెనిమిటి ఉండాడా?"

"ఉండాడమ్మా." అది అబద్ధం కాదు.

"యాడుండాడు?"

విశాలాక్షి మజ్జిగ గ్లాసు పక్కన పెట్టింది. సుకన్య గోడకు ఆనుకుని వింటోంది. మాబున్ని అందుకుంది. "కువైట్‌లో, అవ్వా. సాల్మియాలో."

"అబ్బా, అంత దూరమా? పాపం. సరే, ఇప్పు. ఆ మెరూన్ రంగుది ముందు."

చీర మడత మీద చెయ్యి పెట్టింది. వీపు నిటారుగా. కానీ ఆ పట్టు బరువు, అంచు దుప్పటికి అవతల ఉంది, అందుకోవాలంటే వంగాలి. వంగింది. తాళి రవిక నుంచి జారి బయటికొచ్చి ఊగింది. తేలికగా, ఒంటి కంటే ముందే ఊగింది, రెండు పుస్తెలు ఒకదానికొకటి తగిలి పల్చటి చప్పుడు చేశాయి. ఆ చప్పుడు హాలు మొత్తంలో ఇద్దరికే అర్థమవుతుంది. సుకన్య కళ్లు పుస్తెల దగ్గర ఆగాయి. అక్కడి నుంచి మెడ మీదికి, ముఖం మీదికి వచ్చాయి. తర్వాత ఆమె గోడ దగ్గర నుంచి కదిలి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, పసుపు గిన్నెను రెండు చేతులతో ఎత్తి విశాలాక్షి ముందుకు చాచింది.

"పెట్టమ్మా," అంది.

వేలు ముంచింది. పసుపు వేలు గాలిలో చీర వైపు పోతోంది. ఇప్పుడు పట్టుకుంటుంది. మణికట్టు ఆ పట్టుకోసం ముందే బిగుసుకుంది. ఇప్పుడు. మొదటి మూల. చెయ్యి రాలేదు. రెండో మూలకు పోవాలంటే సుకన్య మోకాలి పక్క నుంచి పోవాలి, పోయింది. ఇప్పుడు. రాలేదు. పెళ్లికూతురు ఎలా ఉంటుందో, చిన్నపిల్లేమో, తల్లీ నన్ను క్షమించు, మూడో మూల. ఒక చుక్క పట్టు మీద పడింది. నాలుగో మూల. ఎవరూ పట్టుకోలేదు. "చల్లని చెయ్యి," అంది ముసలామె. "అదే ఖాయం చేయండి." ఇంకా ఏవేవో చీరలు విప్పారు, రంగులు, అంచులు, ఎవరో నవ్వుతున్నారు, మాబున్ని పందెం కోడిలా మాట్లాడుతోంది. విశాలాక్షికి ఏదీ అందడం లేదు. అయిపోయింది. గండం గడిచింది. సుకన్య మంచిది. దెబ్బ తిన్న మనిషికి తెలుస్తుంది నొప్పి. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవకాశం దొరికితే ఒక మాట చెప్పాలి, ఆ రోజు నేను, ఆ రోజు తెలియక, ఏదో ఒకటి.

అవకాశం గుమ్మం దగ్గర దొరికింది. మాబున్ని, అన్సర్ మూటలు వ్యానులో పెడుతున్నారు. సుకన్య వెనకే వచ్చి విశాలాక్షి మణికట్టు పట్టుకుంది. నడుములో నుంచి చేతిరుమాలు తీసింది. పసుపు వేలిని తుడవడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, నవ్వుతూ, గోటి సందులో కూడా.

"పని చేసుకునే చెయ్యి గదా వదినా. ఆ పసుపు చీరలకంటుతాది."

విశాలాక్షి చెయ్యి వెనక్కి తీసుకోబోయింది, ఆ పట్టు వదల్లేదు.

సుకన్య రుమాలు మడిచి మళ్లీ దోపుకుంది. లోపలి నుంచి కుంకుమ భరిణె తెప్పించింది. అప్పటికి మాబున్ని తిరిగొచ్చి మెట్ల కింద నిలబడింది. ఇప్పుడు సుకన్య గొంతు అందరికీ వినపడేలా ఉంది. "పెండ్లికి తప్పకుండా రావాల. ఈ నెల ఇరవై మూడు, ప్రొద్దుటూర్లో, అమ్మవారిశాల కాడి మండపంలో చేస్తాండాము. పిల్లకు ఆ చీర కట్టేటప్పుడు ఇప్పినామే పక్కనుండాలంటాది మా అత్త. రామాంజనేయులన్నకు నేను ఫోన్ చేసి చెప్తాలే." కుంకుమ పెట్టింది. గట్టిగా, గుండ్రంగా, వేలితో నొక్కి.

"ఆ పొద్దు కొట్లో పనుంటాదేమోనమ్మా..."

"బొట్టు పెట్టినాక కాదంటే ఎట్ల?" దగ్గరికి జరిగింది. గొంతు తగ్గించింది, ఆప్యాయంగా. "మా ప్రసాదన్న గూడా వస్తాడు. ఎర్రగుంట్లామెను, బిడ్డను తోడుకోని. మీ పిలగాడూ వస్తాడు. అందరినీ చూసినట్టుంటాది. ముందు వరసలో కూర్చోబెడతా నిన్ను."

వ్యాను పెన్నా వంతెన మీద ఉంది. మాబున్ని పొంగిపోతోంది. "ఎంత మంచోళ్లక్కా! ఇన్నేండ్లు ఇండ్లకు చీరలు మోస్తి, ఒగురన్నా బొట్టు పెట్టి పిలిచింది లేదు. ఓనరు వింటే నిన్ను కారులో పంపుతాడు చూడు." అన్సర్ ముందు నుంచి, "అమ్మా, ఆదివారం మర్చిపోవాకు, ఊరగాయ," అన్నాడు. ఆదివారం. ఇరవై మూడు. ఈ రోజు పదకొండు. ముట్టు అనాలి ఆ రోజు. జ్వరం అనాలి. సుకన్య ఫోన్ చేసిందంటే రామాంజనేయులు జ్వరంతోనైనా ఎక్కించి పంపుతాడు. పోతే అమ్మవారిశాల దగ్గరి ఆ కల్యాణ మండపం, మొదటి వరుస, ఈసారి కుర్చీ మీద సంచి ఉండదు, ఖాళీగా ఉంచుతారు, తనకోసమే, అందరూ చూసేలా. పోకపోతే జమ్మలమడుగు నుంచి ఇంకో ఫోన్ వస్తుంది. ఆ ఫోన్‌లో సుకన్య ఏం చెబుతుంది? చెప్పదు. చెప్పకుండా ఉంచుకుంటుంది. ప్రతి పెళ్లికీ, ప్రతి పేరంటానికీ పిలుస్తుంది. విశాలాక్షి వేలు చూసుకుంది. తుడిచినా గోటి సందున పసుపు పచ్చగా మిగిలే ఉంది. చీర కొంగుతో రుద్దింది. పోలేదు. నుదుటి మీద బొట్టు చెమటకు తడిసి ముక్కు మీదికి కారుతున్నట్టు, ఆ కారేది అందరికీ కనిపిస్తున్నట్టు అనిపించింది. తుడిచేయాలి. ఇప్పుడే, పులివెందుల రాకముందే తుడిచేయాలి. కొంగు చుట్టుకున్న చెయ్యి పైకి లేచింది.

మాబున్ని ఆ మణికట్టును గాలిలోనే పట్టుకుంది.

"అయ్యో, ఏందక్కా! తుడవాకు," అంది కంగారుగా. "ముత్తైదువవు."